ఈ మోరి ఎవరిది?

సికింద్రాబాద్‌లో మోరి పొంగితే ముందు తేలవలసింది అది ఎవరి మోరి అన్నది. ఒకే రోడ్డుకు ఈ పక్క నగరపాలక సంస్థది, ఆ పక్క కంటోన్మెంట్ బోర్డుది, మలుపు తిరిగితే రైల్వేది, గోడ దాటితే సైన్యానిది. నీళ్లకు ఈ సరిహద్దులు పట్టవు. కంటోన్మెంట్‌లోంచి వచ్చే పికెట్ నాలా రసూల్‌పురా పక్కగా దిగి హుస్సేన్‌సాగర్ దారి పడుతుంది. మధ్యలో ఎక్కడ పూడిక తీయకపోయినా మునిగేది పల్లంలో ఉన్న బస్తీయే. అందుకే ఈ ఊళ్లో కాలనీ సంఘం అధ్యక్షుడికైనా బస్తీ లీడరుకైనా మొదట అబ్బవలసింది మైకు పట్టుకుని మాట్లాడటం కాదు, ఏ అర్జీ ఏ ఆఫీసులో ఇవ్వాలో తెలియడం.

ఈ చిక్కు ఊరి పుట్టుకతోనే వచ్చింది. మూడో నిజాం సికందర్ జా పేరు మీద 1806లో వెలిసిన ఊరు ఇది, బ్రిటిష్ దండు చుట్టూ పెరిగింది. జనం నోట ఇప్పటికీ ఇది లష్కరే, అంటే దండే. దండుకు సరుకులు అమ్మేవాళ్లు, డోలీలు మోసేవాళ్లు, వంటవాళ్లు, పారిశుద్ధ్య పనివాళ్లు ఎవరి పనిని బట్టి వాళ్లు ఒక్కో చోట స్థిరపడ్డారు. పెన్షన్ లైన్, కార్ఖానా, లాల్‌బజార్ లాంటి పేర్లలో ఆ పాత కొలువు వాసన పోలేదు. 1874లో రైలొచ్చింది, 1966లో దక్షిణ మధ్య రైల్వేకు ఇదే కేంద్రమైంది. పౌర ప్రాంతానికి 1945లో మునిసిపాలిటీ, 1950లో కార్పొరేషన్ హోదా వచ్చాయి. 1960లో దాన్ని హైదరాబాద్ కార్పొరేషన్‌లో కలిపేశారు. కంటోన్మెంట్ మాత్రం కేంద్ర రక్షణ శాఖ చేతిలో ఉండిపోయింది. మామూలు ఊళ్లో ఒక్క గుమ్మం తొక్కితే అయ్యే పనికి ఇక్కడ మూడు నాలుగు గుమ్మాలు తొక్కడం అలా మొదలైంది.

సంఘం కట్టడం ఇక్కడి జనానికి ఏ ప్రభుత్వ పథకమో వచ్చి నేర్పిన విద్య కాదు. ఉజ్జయినీ మహంకాళి గుడి కథ చూస్తే చాలు. 1813లో కలరా ఊరిని ఊడ్చేస్తున్నప్పుడు, సైన్యంలో డోలీ మోసే సురిటి అప్పయ్య ఉజ్జయినిలో మొక్కుకుని, తిరిగొచ్చాక 1815లో ఇక్కడ అమ్మవారిని నిలిపాడని చెప్తారు. జబ్బు మొత్తం ఊరిదైనప్పుడు మొక్కు కూడా ఊరిదే. ఏటా ఆషాఢంలో లష్కర్ బోనాలు ఎత్తే ప్రతి గల్లీలోనూ ఒక కమిటీ ఉంటుంది. ఎవరింటికి ఎంత చందా రాయాలి, ఏ ఇంట్లో ఈ ఏడాది చావు జరిగింది కాబట్టి అడగకూడదు, ఎవరికి పని పోయింది కాబట్టి తగ్గించాలి, పోలీసు అనుమతి ఎవరు తేవాలి, తొట్టెల ఊరేగింపు ఏ దారిన పోవాలి, ఇవన్నీ ఆ కమిటీకి నోటికి వచ్చు. పండుగ అయ్యాక జమాఖర్చులు ఒక చార్టు మీద రాసి గుడి గోడకు అంటించే బస్తీలు ఉన్నాయి. టెంటు సామాను ఇంత, డప్పుల వాళ్లకు ఇంత, మిగులు ఇంత. ఆ చార్టు ముందు నిలబడి వేలితో ఒక్కో వరుసా చదివే ముసలమ్మను మించిన ఆడిటర్ ఏ కార్పొరేషన్‌కూ దొరకడు. నీళ్ల ట్యాంకరు రాని రోజు జనం పరుగెత్తేదీ ఈ కమిటీ వాళ్ల దగ్గరికే: "అన్నా, మన గల్లీకి నీళ్లు రాలె, ఫోన్ కొట్టు." పండుగకు పుట్టిన సంఘం పౌర సంఘంగా మారడానికి పెద్ద తంతు అక్కర్లేదు, ఒక ఎండాకాలం చాలు.

చదువు కోసం, గౌరవం కోసం కట్టిన సంఘాలది ఇంకో పాయ. నిజాం రాజ్యంలో తెలుగు గ్రంథాలయాలు పుట్టిన తొలి రోజుల్లోనే, 1905లో, సికింద్రాబాద్‌లో ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయం వెలిసింది. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టి, హరికథలు చెప్పించి దళిత వాడలను కదిలించాడు. 1911 నాటికి అది మాన్య సంఘమైంది. అదే కాలంలో సికింద్రాబాద్ వైపు అరిగె రామస్వామి తాగుడుకూ, జోగిని ఆచారానికీ ఎదురు నిలిచాడు. ఈ గాలిలోనే బొల్లారం పెన్షన్ లైన్‌లో 1928లో ఒక దళిత కుటుంబంలో టి.ఎన్. సదాలక్ష్మి పుట్టింది. 1957లో శాసనసభకు ఎన్నికై, డిప్యూటీ స్పీకరుగా, దేవాదాయ శాఖ మంత్రిగా పనిచేసింది. గుడి మెట్లు ఎక్కనివ్వని కులాల్లో పుట్టిన మనిషి గుళ్ల శాఖకే మంత్రి కావడం చిన్న సంగతి కాదు. గోగు శ్యామల రాసిన ఆమె జీవిత కథ పేరు 'నేనే బలాన్ని'. స్థానిక నాయకత్వం గురించి తెలుసుకోవాలనుకునేవాళ్లు పాఠ్యపుస్తకాల కంటే ముందు చదవవలసిన పుస్తకం అది.

ప్రభుత్వం ఈ రంగంలోకి దిగింది 1967లో. ఢిల్లీ, అహ్మదాబాద్, బరోడాల్లో అంతకు ముందే పరీక్షించి చూసిన పట్టణ సామాజికాభివృద్ధి పథకాన్ని ఆ ఏడు హైదరాబాద్ కార్పొరేషన్ చేపట్టింది. అధికారులు దీన్ని యూసీడీ అంటారు. పద్ధతి కొత్తది: ఉద్యోగి బస్తీకి వెళ్లి ఏం కావాలో తానే చెప్పకూడదు, జనం తేల్చుకునేదాకా ఆగాలి. వాళ్లు ముందు కుట్టు మిషన్లంటే కుట్టు మిషన్లు, బాలవాడి అంటే బాలవాడి. తమవంతుగా కొంత డబ్బో, శ్రమో బస్తీ వాళ్లే పెట్టాలి. తర్వాత యునిసెఫ్ సాయం అందింది, 1980లలో బ్రిటిష్ ప్రభుత్వ నిధులతో మురికివాడల అభివృద్ధి పనులు సాగాయి. పట్టాలు చేతికొచ్చాక జనమే బ్యాంకు అప్పులతో ఇళ్లు కట్టుకున్న తీరు దేశమంతా చెప్పుకునే ఉదాహరణ అయింది. డబ్బు పెరిగేకొద్దీ ఓపికగా కూర్చుని వినడం తగ్గి, సిమెంటు పనులు ముందుకొచ్చాయన్న విమర్శా ఉంది. అది నిజమే కావచ్చు. రోడ్డు వేయడానికి టెండరు చాలు, మనుషుల్ని కూర్చోబెట్టడానికి చాలదు.

ఆ పథకం మిగిల్చిన అసలు ఆస్తి మహిళా సంఘాలు. పదేసి మంది ఆడవాళ్లతో పొదుపు సంఘం, అలాంటి సంఘాలన్నీ కలిపి బస్తీ స్థాయిలో సమాఖ్య, వాటి మీద పట్టణ సమాఖ్య అన్న మూడంతస్తుల కట్టడం 2007లో పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా ఏర్పడ్డాక రాష్ట్రమంతా కుదురుకుంది. వారానికో నెలకో కూర్చుని, తీర్మానం రాసి, సంతకాలు పెట్టి, బ్యాంకుకు వాయిదా కట్టే ఈ అలవాటు చూడటానికి అప్పు లెక్కే. కానీ అడ్డగుట్టలోనో చిలకలగూడలోనో రేషను కార్డులు ఆగిపోతే, అంగన్‌వాడీలో గుడ్లు రాకపోతే ఆఫీసు ముందు పదిమంది కలిసి నిలబడేది ఆ పుస్తకాలు రాయడం వచ్చిన ఆడవాళ్లే. చిత్రమేమంటే, అదే బస్తీలో సంక్షేమ సంఘం అధ్యక్షుడి పేరు ఫ్లెక్సీ మీద వేస్తే అది దాదాపు ఎప్పుడూ మగవాడి పేరే అయి ఉంటుంది.

కాలనీ సంక్షేమ సంఘాల పుట్టుక వేరు. ఖాళీ ప్లాట్ల మధ్య నాలుగు ఇళ్లు లేచినప్పుడు కరెంటు స్తంభం కోసం, మంచినీళ్ల లైను కోసం అవి మొదలవుతాయి. ఏడుగురు కలిస్తే సంఘాన్ని రిజిస్టరు చేయించవచ్చు. ఇప్పుడు వర్తించేది 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం. పాత కాలనీల సర్టిఫికెట్ల మీద 1350 ఫసలీ చట్టం పేరు కనబడుతుంది. ఫసలీ నిజాం కాలపు రెవెన్యూ ఏడాది, 1350 అంటే సుమారు 1940. ఇంట్లో ఇనప పెట్టె అడుగున ఉన్న ఆ కాగితం మీద కాలనీ పార్కు స్థలం హద్దులు కూడా ఎవరైనా రాసి పెట్టుకుని ఉంటే, యాభై ఏళ్ల తర్వాత కబ్జాదారు వచ్చిన రోజున దాని విలువ తెలుస్తుంది.

సంఘం బలం దాని ఫైలులో ఉంటుంది. జలమండలికి ఇచ్చిన ఒక అర్జీనే చూడండి. పైన సంఘం పేరు, రిజిస్ట్రేషన్ నంబరు. కింద విషయం ఒక్క వాక్యంలో: ఫలానా వీధిలో మంచినీటి పైపులో మురుగు కలుస్తోంది. తేదీలు, ఇళ్ల నంబర్లు, అడుగున నలభై సంతకాలు, వాటిలో రెండు వేలిముద్రలు. అర్జీ ఇచ్చిన మనిషి వెంటనే బయటికి రాడు. తెచ్చుకున్న రెండో నకలు మీద ఆఫీసు గుండ్రటి ముద్ర, తేదీ, ఇన్‌వార్డ్ నంబరు పడేదాకా కౌంటరు దగ్గరే ఉంటాడు. ఆ ముద్ర లేని అర్జీ నోటిమాటతో సమానం. ముద్ర పడిందా, నెల తర్వాత "మీ కాగితం మాకు అందలేదు" అనే దారి మూసుకుపోతుంది. 2005 అక్టోబర్‌లో సమాచార హక్కు చట్టం అమల్లోకి వచ్చాక ఈ ముద్రకు ఇంకా పదును వచ్చింది. ఫలానా నంబరు అర్జీ మీద ఏ అధికారి ఏ తేదీన ఏం రాశారో నకలు ఇవ్వండి అని పది రూపాయల రుసుముతో అడగవచ్చు. సగం పనులు జవాబు రాకముందే జరిగిపోతాయని ఈ పని చేసేవాళ్లు నవ్వుతూ చెప్తారు.

చట్టం కాగితం మీద జనానికి ఇంతకంటే ఎక్కువే ఇచ్చింది. 1993 జూన్‌లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ మూడు లక్షలు దాటిన నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలంది. 2019 తెలంగాణ మునిసిపల్ చట్టం ప్రకారం ప్రతి వార్డులో యువకులకు, మహిళలకు, వృద్ధులకు, ప్రముఖులకు వేర్వేరుగా నాలుగు కమిటీలు ఉండాలి, ఒక్కోదానిలో 15 మంది. గ్రేటర్ హైదరాబాద్ ఆ చట్టం కిందికి రాదు. 2007లో ఏర్పడిన గ్రేటర్‌ను మొదట 150 వార్డులు చేశారు. 2011 జనాభాతో చూస్తే వార్డుకు సగటున 45 వేల మంది, అంటే ఒక చిన్న పట్టణం. అంత మందికి ఒక్క కార్పొరేటర్ అందుబాటులో ఉండటం ఎంత మంచివాడికైనా కుదిరే పని కాదు. కార్పొరేటర్‌కూ గల్లీకీ మధ్య ఉండవలసిన కమిటీలు పేరుకే మిగిలినచోట, ఆ ఖాళీని సంక్షేమ సంఘాలో పార్టీ కార్యకర్తలో నింపుతారు. 2020 డిసెంబర్ గ్రేటర్ ఎన్నికల్లో ఓటేసినవాళ్లు 46.55 శాతం. కాలనీ మీటింగుల్లో గొంతు చించుకునేవాళ్లందరూ పోలింగు బూత్ మెట్లెక్కి ఉంటే ఆ అంకె అలా ఉండేది కాదు.

కంటోన్మెంట్‌లో సమస్య దీనికి తలకిందులు. 2011 లెక్కల్లో 2.17 లక్షల జనం ఉన్న ఈ బోర్డులో ఎన్నికైన సభ్యులు ఎనిమిది మంది, హోదా రీత్యా వచ్చేవాళ్లూ నామినేట్ అయ్యేవాళ్లూ ఎనిమిది మంది ఉండాలి. అధ్యక్షుడు స్థానిక సైనిక కమాండర్. చివరిసారి ఎన్నికలు 2015 జనవరిలో జరిగాయి. ఐదేళ్ల గడువు తీరాక పొడిగింపులతో మరో ఏడాది లాగి, 2021లో ఎన్నికైన సభ్యులను ఇంటికి పంపారు. 2023 ఏప్రిల్ 30న పోలింగు అని ప్రకటించి, మార్చిలోనే రద్దు చేశారు. ఓటు అడిగేవాడు లేనప్పుడు గల్లీ మొహం చూసేవాడూ ఉండడు. గ్రేటర్‌లో నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం 2021 జనవరిలో మొదలైనప్పుడు మొదట్లో కంటోన్మెంట్ దాని బయటే ఉండిపోయింది. రోడ్డుకు ఆవలి ఇంటికి నీళ్ల బిల్లు సున్నా, ఈవలి ఇంటికి బిల్లు. తమకూ వర్తింపజేయమని అడగడానికి ఎన్నికైన సభ్యుడు లేక, ఆ బరువు కాలనీ సంఘాల మీదే పడింది.

ఈ చిక్కులన్నీ ఒక్కచోట చేరిన గొడవ ఏఓసీ రోడ్లది. ఆర్మీ ఆర్డినెన్స్ కోర్ కేంద్రం మధ్యగా పోయే గాఫ్ రోడ్డు, వెల్లింగ్టన్ రోడ్డు వంటి దారులు మల్కాజిగిరి, సఫిల్‌గూడ, నేరేడ్‌మెట్, సైనిక్‌పురి వాసులకు సికింద్రాబాద్ వెళ్లే దగ్గరి తోవ. భద్రత కారణం చూపి సైనిక అధికారులు 2014 నుంచి దఫదఫాలుగా ఆంక్షలు పెట్టసాగారు. స్కూలు బస్సులు, ఆఫీసు బండ్లు, అంబులెన్సులు చుట్టూ తిరగవలసి వచ్చింది. ఆ రోడ్లు ఉన్నది కంటోన్మెంట్‌లో. దెబ్బ తిన్నవాళ్లలో ఎక్కువమంది ఉంటున్నది గ్రేటర్‌లో. బోర్డు ఎన్నికల్లో వాళ్లకు ఓటే లేదు. ఓటు లేనిచోట మాట ఎలా చెల్లించుకోవాలన్నదే అక్కడి సంఘాల ముందున్న ప్రశ్న.

కాలనీలు విడివిడిగా అరవడం మాని ఒక తాటి మీదికి వచ్చాయి. ఫెడరేషన్ ఆఫ్ నార్త్ ఈస్టర్న్ కాలనీస్ ఆఫ్ సికింద్రాబాద్ అనే సమాఖ్య ఈ పోరాటంలో ముందు నిలిచింది. సైనిక్‌పురి విశ్రాంత సైనికాధికారులు కట్టుకున్న కాలనీ కాబట్టి, సైన్యం మూసిన గేటు ముందు ఒకప్పటి సైన్యం వాళ్లే అర్జీ పట్టుకుని నిలబడటం ఈ కథలోని తమాషా. ధర్నాలు జరిగాయి, సంతకాలు సేకరించారు. వాదన మాత్రం చివరికి ఒక సెక్షన్ దగ్గరికే వచ్చి ఆగింది. కంటోన్మెంట్ల చట్టం 2006, సెక్షన్ 258: వీధిని శాశ్వతంగా మూయాలంటే బోర్డు ముందుగా బహిరంగ నోటీసు ఇచ్చి, జనం అభ్యంతరాలు విని, పై అనుమతి తీసుకోవాలి. గేటుకు తాళం వేసే ముందు ఆ తంతు జరిగిందా? దేశంలో ఇతర కంటోన్మెంట్ల జనం కూడా ఇదే అడిగారు. 2018 మే నెలాఖరులో రక్షణ మంత్రి నిర్మలా సీతారామన్ హయాంలో, పద్ధతి పాటించకుండా మూసిన రోడ్లు తెరవాలని 62 కంటోన్మెంట్లకూ ఆదేశాలు వెళ్లాయి.

అక్కడితో కథ సుఖాంతమైందనుకుంటే పొరపాటు. కొన్ని దారులు తెరిచారు, తర్వాత మళ్లీ ఆంక్షలు వచ్చాయి. 2022 మార్చిలో ఈ మూతల మీద అప్పటి మునిసిపల్ మంత్రి కె. తారక రామారావు శాసనసభలో మండిపడి, సైనిక ప్రాంతానికి నీళ్లూ కరెంటూ ఆపేస్తామన్నంత దూరం వెళ్లారు. గల్లీ మీటింగులో పుట్టిన మాట శాసనసభ దాకా చేరడం విజయమే. కానీ రెండు ప్రభుత్వాల పంతంగా మారాక అది గల్లీవాళ్ల చేతిలోంచి జారిపోయింది కూడా.

బైసన్ పోలో మైదానం విషయంలో ఫలితం ఇంకాస్త తేటగా ఉంది. 2017లో అక్కడా, పక్కన జింఖానా మైదానంలోనూ కొత్త సచివాలయం కట్టాలని రాష్ట్ర ప్రభుత్వం తలపెట్టింది. పొద్దున్నే నడకకు వచ్చేవాళ్లు, క్రికెటర్లు, విశ్రాంత అధికారులు కలిసి మైదానాలను కాపాడాలని ఉద్యమం నడిపారు, హైకోర్టుకూ వెళ్లారు. రక్షణ శాఖ భూమి బదిలీ తేలలేదు. చివరికి సచివాలయం పాత చోటే లేచి 2023 ఏప్రిల్‌లో తెరుచుకుంది. పిల్లలు ఇప్పటికీ ఆ మైదానంలో వికెట్లు పాతుతున్నారు.

గెలిచిన కథల్లో రెండు బస్తీలవి. భోయిగూడ ఐడీహెచ్ కాలనీ వాసులు శిథిలమైన ఇళ్లను ఖాళీ చేసి, కూలగొట్టడానికి ఒప్పుకున్నారు. 2015 నవంబర్‌లో అదే చోట 396 డబుల్ బెడ్‌రూం ఇళ్లు తెరిచారు. తెలంగాణలో ఆ పథకానికి అదే మొదటి కాలనీ. సర్కారు మాట నమ్మి ఉన్న గూడు వదులుకోవడానికి వందల కుటుంబాలను ఒప్పించడం ఇంజనీర్ల పని కాదు, అది బస్తీ పెద్దల పూచీతో జరిగే పని. బన్సీలాల్‌పేటలో దశాబ్దాల చెత్తతో పూడిపోయిన మెట్లబావిని ది రెయిన్‌వాటర్ ప్రాజెక్ట్ సంస్థ కల్పనా రమేశ్ ఆధ్వర్యంలో, నగరపాలక సంస్థతో కలిసి తవ్వి తీసింది. 2022 డిసెంబర్‌లో దాన్ని ప్రజలకు తెరిచారు. చెత్త మళ్లీ పడకుండా చూడటం మాత్రం బయటి సంస్థ చేయలేదు, బావి చుట్టూ ఇళ్లున్నవాళ్లే చేయాలి.

సంఘాల జబ్బులు కూడా అందరికీ తెలిసినవే. పదిహేనేళ్లుగా ఒకే అధ్యక్షుడు, జమాఖర్చులు ఆయన సంచీలో. సంక్షేమ సంఘం అంటే ఇంటి యజమానుల సంఘం. నెలకు అద్దె, మెయింటెనెన్స్ రెండూ కట్టే కిరాయిదారుకు ఓటు లేదు. మీటింగుకు పన్నెండు మంది, వాట్సాప్ గ్రూపులో మూడు వందల మంది. ఎన్నికల ముందు సంఘం పార్టీ శాఖ అయిపోతుంది, గెలిచిన కార్పొరేటర్ వేరే పార్టీ అయితే ఐదేళ్లు కాలనీకి శిక్ష. వీటన్నిటికంటే లోతైనది కాలనీకీ బస్తీకీ మధ్య గోడ. కాలనీ సంఘం కూరగాయల బండ్లను తీసేయమని అర్జీ పెడుతుంది. ఆ బండి నడిపేవాడు పక్క బస్తీ సంఘంలో సభ్యుడు. కాలనీ పెట్టిన ఇనప గేటు రాత్రి పదింటికి మూసుకుంటే, బస్తీలో పురిటి నొప్పులు పడే ఆడదాన్ని తీసుకొచ్చే ఆటో చుట్టూ తిరిగి రావాలి. ఏఓసీ గేటు ముందు ధర్నాకు వెళ్లొచ్చిన కాలనీలకే ఇలాంటి సొంత గేట్లు ఉండటం కద్దు.

కంటోన్మెంట్ పౌర ప్రాంతాలను పక్క నగరపాలక సంస్థల్లో కలపాలని కేంద్రం నిర్ణయించి, 2024లో అందుకు విధివిధానాలు పంపింది. సికింద్రాబాద్ ఆ జాబితాలో ఉంది. భూములు ఎవరివి, ఉద్యోగులు ఎటు, బకాయిలు ఎవరు కడతారు అన్నవి అలాంటి విలీనంలో తేలవలసిన లెక్కలు. విలీనమైతే రోడ్డుకు రెండు పక్కలా మోరికి యజమాని ఒక్కడే అవుతాడు, కార్పొరేటర్‌కు ఓటూ వస్తుంది. కానీ ఎనిమిది వార్డుల బోర్డులో ముఖం తెలిసిన సభ్యుడి బదులు, మహానగర సభలో ఒక గొంతు మిగులుతుంది. ఈ లాభనష్టాలను తూచుకుంటూనే, కంటోన్మెంట్ సరిహద్దు మీది కాలనీల వాళ్లు ఒకే మోరి గురించి ఇప్పటికీ రెండు అర్జీలు రాసి, రెండు ఆఫీసుల్లో రెండు ముద్రలు వేయించుకుంటున్నారు.